టువ్వాల వేసిన పేజీ

వనపర్తి బస్టాండు వెనక సందులో, ఖాజా భాయ్ జిరాక్సు దుకాణాన్ని ఆనుకొని ఒక చిన్న గది ఉంది. దాని మీద ‘పంట సలహా కేంద్రం’ అని బోర్డు. లోపల ఒక బల్ల, మూడు కుర్చీలు, పాత కంప్యూటర్ ఒకటి, బల్ల మీద ఎప్పుడు చూసినా తెగులు పట్టిన ఆకులు నాలుగు. జితేందర్ అక్కడ కూర్చుంటాడు. వ్యవసాయం చదివి, కొన్నాళ్ళు ఒక పురుగుమందుల కంపెనీలో తిరిగి, వాళ్ళు చెప్పమన్నవన్నీ చెప్పడానికి నోరు రాక బయటికొచ్చి ఈ గది తెరిచాడు. కొత్తగా వచ్చిన రైతులు లోపలంతా కలియజూసి, డబ్బాలూ సీసాలూ కనబడక తెల్లబోయేవారు.

"మందులు లేవు, ఇత్తనాలు లేవు. మరి ఏం అమ్ముతవ్ సారూ?"

"మాట అమ్ముత."

అందరూ నవ్వేవారు. నవ్వినవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చేవారు.

ఆ మాటను గది దాటించి ఊళ్ళకు చేర్చే పని అతని భార్య ఉమది. ఉమ పదో తరగతి దాకా చదివింది. పరీక్షలు రాసిన ఎండాకాలమే తల్లి మంచం పట్టడంతో చదువు అక్కడ ఆగింది. మార్కుల మెమో ఇప్పటికీ ట్రంకు పెట్టెలో చీరల కింద ఉంటుంది. పెళ్ళయి, పాప పుట్టి, పాపకు రెండేళ్ళు నిండే వేళకు ఆ చదువు మళ్ళీ ఒక పనికొచ్చింది. కేంద్రానికి ఖాజా భాయ్ ఒక వెబ్‌సైటు కట్టిచ్చాడు. జితేందర్ చెబుతుంటే ఉమ అందులో రాసేది. పాప ఒళ్ళో ఉంటే ఒంటిచేత్తో, పాప నిద్రపోతే రెండు చేతులతో.

మొదట్లో ఆ సైటు ముఖం చూసినవాళ్ళు లేరు. జితేందర్ పెట్టిన పేర్లు అట్లా ఉండేవి: ‘మొక్కజొన్నలో సమగ్ర కలుపు యాజమాన్యం’. ఉమ ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"ఈ మాట ఏ రైతు అంటడు? మా నాయిన బతికుండి ఇది చూస్తే, ఇదేదో ఆఫీసు కాయితమని పక్కకు పెడ్తుండె."

"మరేమంటరు?"

"గడ్డి మందు అంటరు. ఫోన్ మూతికాడ పెట్టుకొని మక్కచేన్ల గడ్డి మందు అని అడుగుతరు. మీ యాజమాన్యం అడగరు."

పేరు మార్చింది. నెల తిరిగేసరికి ఆ పేజీ గూగుల్‌లో మొదటి వరుసకొచ్చింది. నాగర్‌కర్నూల్ నుంచి, అలంపూర్ అవతలి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "ఇగ నువ్వే సారువి" అన్నాడు జితేందర్, అన్నం తింటూ, తల ఎత్తకుండానే. ఆ ఒక్క మాట ఉమకు ఎన్ని రోజులు సరిపోయిందో అతనికి తెలియదు.

ఖాజా భాయ్ ఇంకొక కిటుకు చెప్పాడు. "చెల్లె, గూగుల్ల జాగ అంటే కొత్తకోట బస్టాండ్ల సీటు లెక్క. లోపలికి ఎక్కి కూసుంట అంటే నీకు దొరకది. బస్సు ఆగకముందే కిటికీలకెల్లి టువ్వాల ఎయ్యాలె. ముందు పేరు పెట్టెయ్. లోపలి సంగతి నిమ్మలంగ రాస్కో. ఎవడు వద్దంటడు?"

అప్పటి నుంచి అది వాళ్ళింట్లో మాటైపోయింది. "మిరప ముడతకు టువ్వాల ఏసిన, జర తీరిక చేసుకొని చెప్పుండ్రి" అనేది ఉమ. రెండు మూడు రోజుల్లో అతను చెప్పేవాడు, ఆమె నింపేది. ఏ పేజీ అయినా వారం మించి ఖాళీగా ఉన్నది లేదు.

యాసంగి పల్లి విత్తే రోజులు వచ్చాయి. ఏ మాట వెతుకుతూ ఎంతమంది తమ సైటుకు వచ్చారో చూపించే పేజీ ఒకటుంటుంది. పాపకు పాలు పడుతూ దాన్ని చూడటం ఉమకు అలవాటు. ఆ వారం అందులో ఒకే మాట పదే పదే కనబడింది: ‘పల్లి చేన్ల గడ్డి మందు’. అడిగేవాళ్ళున్నారు, తమ దగ్గర జవాబు లేదు. కొత్త పేజీ వేస్తే పైకి రావడానికి నెలలు పడుతుందని ఖాజా భాయ్ ఎప్పుడో చెప్పి ఉన్నాడు. మక్క పేజీ అయితే ఇప్పటికే ముందు సీట్లో కూర్చొని ఉంది. ఉమ దాని మీదే ఇంకో టువ్వాల వేసింది. ‘మొక్కజొన్న, పల్లి చేన్లలో గడ్డి మందు: ఎప్పుడు, ఎంత కొట్టాలి’ అని పేరు మార్చింది. మొదటి వాక్యంలోనూ ‘పల్లి’ చేర్చింది. కింద మందు పేరు, మోతాదు మక్కకు చెప్పినవే ఉన్నాయి. వాటి కింద పల్లికి వేరే భాగం రాయాలని ఆమె ఉద్దేశం.

జితేందర్ అప్పుడు నాగర్‌కర్నూల్ వైపు మిరప తోటల్లో ఉన్నాడు. పల్లికి ఏ మందని ఉమ ఫోన్ చేస్తే, "వచ్చినంక చెప్త, మక్కది దానికి పనికిరాదు, వేరే ఉంటది" అన్నాడు. పేజీ పేరు అప్పటికే మార్చేసిందని ఉమ అనలేదు. అనాల్సిన పని ఉందని తోచలేదు.

ఆ సాయంత్రమే జ్వరంతో పాప ఒళ్ళు కాలిపోయింది. మూడోరోజుకు మూర్ఛలాగా వస్తే దవాఖానలో చేర్చారు. ఐదు రోజులు. ఇంటికొచ్చాక కూడా ఉమ పాప నుదుటి మీద చెయ్యి తీసేది కాదు. మందు సీసా మీద రాసింది ఒకటికి నాలుగుసార్లు చదివి, మూతలో పోసి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్ళీ సీసా చదివేది. దసరా వచ్చింది, పోయింది. టువ్వాల సంగతి ఆమెకు మళ్ళీ గుర్తు రాలేదు.

*

సెలవులు ముగిసే రోజు పొద్దున ఆఫీసు ఫోన్ మోగింది. జితేందర్ స్నానానికి వెళితే ఉమ ఎత్తింది.

"సారు ఉండడా అమ్మా? నేను కొత్తకోట ఈవలకెల్లి కిష్టయ్యను. మీ నెట్ల సూసి పల్లికి గడ్డి మందు కొట్టిన. గడ్డితోపాటు పల్లి గూడ మాడిపోయింది. పదిదినాలైంది, ఒక్క చెట్టు తేరుకోలే."

ఉమ "సారు చేస్తరు కాకా" అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత చేసింది ఆలోచించి చేసింది కాదు. పొయ్యి మీద పాలు పొంగితే చెయ్యి ఎట్లా పోతుందో అట్లా పోయింది. సైటు తెరిచి, పేరులోంచి ఒకసారి, మొదటి వాక్యంలోంచి ఒకసారి ‘పల్లి’ తీసేసింది. పాప ఆమె కొంగు పట్టుకొని లాగుతూనే ఉంది. జితేందర్ తల తుడుచుకుంటూ వచ్చి, "ఎవరు?" అన్నాడు.

"కొత్తకోటకెల్లి ఎవరో. పల్లి మాడిందంట."

"పల్లికి మనం ఏం చెప్పలే కద?"

ఉమ పాపను ఎత్తుకొని లోపలికి పోయింది.

మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా పట్టుకొని గదికి వెళ్ళేసరికి కిష్టయ్య అక్కడే ఉన్నాడు. ఎండకు నల్లబడిన, పలచటి మనిషి. భుజం మీద ఎర్రగళ్ళ టువ్వాల. పక్కన అతని బిడ్డ, పదహారేళ్ళుంటాయి. రెండు జడలు, చేతిలో తండ్రి ఫోన్. కస్తూర్బాలో ఇంటర్ మొదటి ఏడు చదువుతోందట, పేరు మానస. సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల. తండ్రి అడిగితే వెతికి చదివిపెట్టింది. మర్నాడు హాస్టల్‌కు పోవాలి.

"నాకు అచ్చరం రాదు సారూ," అంటున్నాడు కిష్టయ్య. "మా మానస సదివిందే నాకు సదువు. పేరు సదివింది, మందు పేరు సదివింది, ఎకరాకు ఎంతో సదివింది. దుకాణపాయన మక్కకా అని అడిగితే, పల్లికే, నెట్ల ఉన్నదని ఎదురు చెప్పిన."

జితేందర్ కంప్యూటర్ తెర వాళ్ళ వైపు తిప్పాడు. కోపంగా కాదు. అతనికి రైతు మీద ఎప్పుడూ కోపం రాదు. అదే ఉమకు ఇంకా కష్టమైంది.

"ఇగో కాకా, మా పేజీ. చదువమ్మా. గట్టిగ చదువు, మీ నాయిన వినాలె."

మానస తెర మీదికి వంగింది. "మొక్కజొన్న చేన్లలో గడ్డి మందు..." అని ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది. పెదాలు కదిలాయి. చేతిలో ఫోన్ తీసి ఆ పేజీ తెరిచింది. అందులోనూ అదే వచ్చింది.

"పల్లి అని ఉండె సార్. మక్క పక్కనే ఉండె. నేను చదివిన."

"యాడ ఉన్నది, చూపియ్యి."

"ఉండె సార్. నిజంగ ఉండె."

"పల్లికి ఈ మందు కొట్టమని నేను కలల గూడ చెప్పనమ్మా. నువ్వు మక్క పేజీ తెరిచి పల్లి అనుకున్నవ్. అయితది, ఎవరికైన అయితది. గని మందుల కాడ జర నిమ్మలంగ చదవాలె."

కిష్టయ్య బిడ్డ ముఖం చూశాడు. తర్వాత ఆమె చేతిలో ఫోన్ తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. అరవలేదు, కొట్టలేదు. "పదకొండేండ్లు బడికి తోల్తే ఒక్క పేరు సక్కగ సదవరాలే," అన్నాడు. "ఊర్ల అందరికి చెప్పుకుంటి గద, నా బిడ్డ ఉంటే నాకు కండ్లున్నట్టే అని."

పోతూ పోతూ మానస గుమ్మం దగ్గర ఆగి, ఎందుకో ఉమ వైపు చూసింది. పిల్లనెత్తుకొని డబ్బాతో నిలబడ్డ ఆడమనిషి, తనకు ఏమైనా చెబుతుందేమో అన్నట్టు. ఉమ డబ్బా మూత సరిచేసింది. సరిగ్గా ఉన్న మూతనే.

*

సైటులో పేరు మార్చినా గూగుల్ వరుసలో పాత పేరు రెండు మూడు రోజులు అట్లాగే కనబడుతుంది. ఆ సంగతి ఉమకు తెలుసు. ఆ రెండు రోజులూ పదే పదే ఫోన్ తీసి చూసింది. ‘మొక్కజొన్న, పల్లి చేన్లలో’ అని వరుసలో ఇంకా ఉంది. జితేందర్ తన సైటు నేరుగా తెరిచి చూశాడు కాబట్టి సరిపోయింది. అతను కాని, ఆ పిల్ల కాని, మామూలుగా వెతికి ఉంటే నిజం అక్కడే వేలాడుతూ కనబడేది. ఎవరైనా చూస్తే బాగుండునని ఒక గడియ, చూడకుంటే బాగుండునని ఒక గడియ. మూడోరోజు పొద్దున చూస్తే పేరు మారిపోయింది. ఇక ఆ మాట ఉండేదని తెలిసిన మనిషి లోకంలో తను ఒక్కతే. ఇంకొక పిల్ల ఉంది కాని, ఆ పిల్లను ఎవరూ నమ్మరు.

అప్పుడే ఇంకొకటి చూసింది. ‘పల్లి చేన్ల గడ్డి మందు’ అని వెతికి ఆ పేజీ తెరిచినవాళ్ళు ఎంతమందో చూపించే చోట అంకె ఉంది. నలభై ఒకటి. ఆ అంకెల్లో పేర్లు ఉండవు, ఊళ్ళు ఉండవు. ఒకడు వచ్చాడు. మిగతా నలభై మందిలో ఎవరు చదివి వదిలేశారో, ఎవరు మందు పంపు భుజానికెత్తుకొని చేలోకి దిగారో తెలిసే దారి లేదు.

వారం తర్వాత ఖాజా భాయ్ ఒక సంగతి మోసుకొచ్చాడు. "మొన్న అచ్చిన కొత్తకోట కిష్టయ్య లేడు? బిడ్డను హాస్టల్‌కు పంపలేదంట. గద్వాల దిక్కు పత్తి ఏరనీకె తోలిండంట. సదువు రాని దానికి సదువేందని."

"పాపం" అన్నాడు జితేందర్, ఆకు మీంచి చూపు తిప్పకుండా.

ఆ సాయంత్రం పాప ఒళ్ళు మళ్ళీ కొద్దిగా వెచ్చబడింది. ఉమ సీసా తీసి చదివింది. మళ్ళీ చదివింది. మూతలో పోసింది, మళ్ళీ సీసా చూసింది. ఉన్నట్టుండి ఆమెకు ఒక ఊహ వచ్చింది. ఇప్పుడు తను చదివి పాపకు పట్టాక, ఎవరో వచ్చి ఈ సీసా మీద రాత మార్చిపోతే? పాపకు ఏదైనా అయి, అందరూ తన చేతికి సీసా ఇచ్చి ‘చదువు’ అంటే?

మూత చేతిలోంచి జారి నేల మీద పడింది.

జితేందర్ చెప్పులు విప్పుతూ, "ఏమైంది?" అన్నాడు.

"ఆ పిల్ల సరిగ్గనే చదివింది."

"ఏ పిల్ల?"

ఉమ చెప్పింది. టువ్వాల వేసిన రోజు నుంచి మొదలుపెట్టి, తీసేసిన పొద్దు దాకా, నలభై ఒకటి దాకా. ఏడవలేదు. ఏడిస్తే అతను ఊరుకోబెడతాడని, ఊరుకోబెడితే సగంలో ఆగిపోతానని భయం. అంతా విని అతను గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"నేను ఆ పిల్ల మొకం చూసి తప్పు చదివినవన్న."

"మీకు తెల్వదు కద."

"నీకు తెలుసు. నువ్వు ఆడనే ఉన్నవ్."

ఉమ వంగి నేల మీది మూత తీసింది. అతనే మళ్ళీ అన్నాడు. "ఇప్పుడు పోయి చెప్తే ఆ పల్లి లేస్తదా? ఈ గది మీదికి మల్ల ఎవడన్న వస్తడా? నా కాడ ఉన్నదే మాటొక్కటి."

"పల్లి లేవది. పిల్లన్న లేస్తదేమో."

మర్నాడు అతను పొద్దున్నే లేచి, టీ కూడా తాగకుండా నాగర్‌కర్నూల్ వెళ్ళిపోయాడు. ఎప్పుడూ ఇంట్లో వదిలే ఆఫీసు ఫోన్‌ను ఆరోజు జేబులో వేసుకొని వెళ్ళాడని ఆమె తర్వాత చూసుకుంది.

ఉమ పాపను చంకనేసుకొని మొదట ఖాజా భాయ్ దుకాణానికి పోయింది. పేజీ తెరిచి పేరు మార్చింది. ‘పల్లి చేనులో ఈ గడ్డి మందు కొట్టొద్దు: మా పేజీలో తప్పు రాశాం’. కింద నాలుగు ముక్కలు రాసింది. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఆ తప్పు ఉందో రాసింది. చదివి కొట్టినవాళ్ళు ఫోన్ చేయమని రాసింది. తప్పు రాసింది సారు కాదు, నేను అని రాసి తన పేరు పెట్టింది.

ఖాజా భాయ్ చదివి తల పట్టుకున్నాడు. "చెల్లె, తప్పును తీసుకపోయి ముందు సీట్ల కూసోబెడ్తవా? తీసేసినవ్ గద, ఖతం. గిట్ల రాస్తే దుకాణం బంద్."

"తప్పు ముందు సీట్ల కూసున్నప్పుడే చదివిండ్రు గద భాయ్. దిద్దింది ఎన్క మూలకు పెడితే వాళ్ళకు యాడ కనబడ్తది?"

ఖాజా భాయ్ పాప చేతిలో ఒక బిస్కెట్టు పెట్టాడు. "టువ్వాల ముచ్చట నేనే చెప్పిన నీకు" అన్నాడు మెల్లగా.

*

ఖాజా భాయ్ చెప్పిన గుర్తుల ప్రకారమే, కిష్టయ్య చేను ఊరికి ఈ పక్కనే ఉంది. దూరం నుంచే తెలిసిపోయింది. చుట్టూ చేలు పచ్చగా పరుచుకొని ఉంటే మధ్యలో అదొక్కటి కాలిన అట్టలాగా ఉంది. కిష్టయ్య, అతని భార్య హన్మమ్మ ఎండిన మొక్కలు పీకి గట్టున వేస్తున్నారు. ఇరుగుపొరుగు మేకలు తినకుండా కుప్ప మీద ముళ్ళకంప కప్పారు.

ఉమ గట్టు మీద నిలబడే చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఎక్కడ ఆగినా మళ్ళీ మొదలుపెట్టలేనని గబగబా చెప్పేసింది. "మానస తప్పు చదవలే కాకా. పల్లి అని ఉండె. నేనే రాసిన. మీరు ఫోన్ చేసినంక నేనే తీసిన. ఆమె నిజం చెప్తుంటే నేను ఆడ నిలబడి చూసిన."

హన్మమ్మ చేతిలో మొక్క అట్లాగే ఉండిపోయింది.

"ఈ చేత్తోటి కొట్టిన దాన్ని," అంది. "అబద్ధమాడుతవానే అని కొట్టిన. లేదే అమ్మా, ఉండెనే అమ్మా అని నా కాళ్ళు పట్టుకున్నది. నువ్వు ఒక ఆడపిల్లను కన్నదానివి గదనే తల్లీ. నీకు నోరు ఎట్ల రాలే?"

పాప ఆ గొంతుకు జడిసి ఏడుపు మొదలుపెట్టింది. ఉమ ఊరుకోబెట్టలేదు.

కిష్టయ్య గట్టు మీద కూర్చొని కుప్ప వైపు చూస్తున్నాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. "చేను పోతే మల్లొక పంటకు చూసుకుంటం," అన్నాడు చివరికి. "నాకు కండ్లు ఉండె. నేనే పీక్కుంటి." లేచి టువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "నాకు చెప్తే ఏమొస్తది. దానికి చెప్పు, నడువ్."

కొత్తకోట బస్టాండులో గద్వాల వైపు పోయే బస్సు అప్పుడే తిరిగి వస్తోంది. జనం దాని వెంట పరుగెత్తారు. కిష్టయ్య ముందుకు ఉరికి, భుజం మీది ఎర్రగళ్ళ టువ్వాల తీసి ఒక కిటికీలోంచి లోపలికి విసిరాడు. తోసుకొని ఎక్కి, ఆ సీటు దగ్గర నిలబడి వెనక్కి చూశాడు.

"కూసో."

"మీరు కూసోండ్రి కాకా."

"చంటిపిల్లతోటి ఎంతసేపు నిలవడ్తవ్. కూసో."

ఆమె కూర్చుంది. టువ్వాల తీసి ఇవ్వబోతే అతను అందుకోలేదు, వేరే దిక్కు చూస్తున్నాడు. దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుంది. చెమట వాసన, మట్టి వాసన. బీచుపల్లి వంతెన మీద బస్సు పోతుంటే కృష్ణ నీళ్ళు చూసి పాప చప్పట్లు కొట్టింది. ఎర్రవల్లిలో బస్సు మారారు.

పత్తి చేను గద్వాల దాటి ఒక ఊళ్ళో, హన్మమ్మ చెల్లెలు వాళ్ళది. తెల్లటి చేలో పదిమంది ఆడవాళ్ళు నడుములకు సంచులు కట్టుకొని ఏరుతున్నారు. మానసను ఉమ వెంటనే గుర్తుపట్టలేదు. రెండు జడలు లేవు, తలకు గుడ్డ కట్టుకొని ఉంది. తండ్రిని చూసి లేచి నిలబడింది. ఉమను చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

కిష్టయ్య పక్కకు జరిగాడు. ఉమే చెప్పింది. ఈసారి చిన్నగా, ఆగి ఆగి, ఆ పిల్ల ముఖం చూస్తూ చెప్పింది. పక్క సాళ్ళలో ఏరుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపి విన్నారు.

మానస కోప్పడుతుందని ఉమ అనుకుంది. దారి పొడవునా ఆ కోపానికే తయారై వచ్చింది.

"నిజంగ ఉండెనా అక్కా?" అంది మానస.

"ఉండె."

"మక్క పక్కనే?"

"పక్కనే ఉండె తల్లీ. నువ్వు చదివింది చదివినట్టే ఉండె."

మానస వేళ్ళకు అంటుకున్న పత్తి పీచు తీసుకుంటూ నిలబడింది. "నేను గూడ లేదనుకున్న," అంది. "మొదట రెండు దినాలు ఉండె అనే అనిపించింది. తర్వాత నాకే గట్ల కనబడ్డదేమో అనుకున్న. సారు తప్పు చెప్పడు గద. అమ్మ తప్పు చెప్పది గద. ఇక్కడికి వచ్చే దినం బస్సు మీద బోర్డు సుత నమ్మబుద్ధి కాలే. పక్కామెను అడిగి ఎక్కిన."

కిష్టయ్య అటు తిరిగి టువ్వాల కోసం భుజం తడుముకున్నాడు. అది ఇంకా ఉమ చేతిలోనే ఉంది. ఆమె ఇచ్చింది. అతను ముఖం దాచుకున్నాడు. ఏరేవాళ్ళలో ఒక ముసలామె, "ఇగ తోల్కపో కిష్టయ్యా, ఏం జూస్తవ్" అంది.

సంచి విప్పి పిన్నికి ఇచ్చి, మానస బట్టల మూట తెచ్చుకుంది. హాస్టల్‌లో ఇన్ని రోజులు పోని పిల్లను మళ్ళీ చేర్చుకుంటారో లేదో ఎవరికీ తెలియదు. మేడమ్‌తో తనే వచ్చి మాట్లాడతానని ఉమ అంది. మానస మూట ముడి బిగించింది.

గద్వాల బస్టాండులో నిలబడి ఉండగా జితేందర్ ఫోన్ చేశాడు. "నువ్వు రాసింది చదివి ముగ్గురు ఫోన్ చేసిండ్రు పొద్దటిసంది. ఒకాయన అలంపూర్ కాడ. రెండెకరాలంట. అవును, మా తప్పే అని చెప్పిన. పోయి చేను చూసొస్త. పాప ఏమన్న తిన్నదా?"

"తిన్నది" అంది ఉమ. నలభైలో ముగ్గురు. మిగతా ముప్పై ఏడూ ఆమె కళ్ళ ముందే ఉన్నాయి, పేరు లేకుండా, ఊరు లేకుండా.

దుమ్ము లేపుకుంటూ ఒక బస్సు వచ్చి ఆగింది. జనం కదిలారు. కిష్టయ్య టువ్వాల చేతిలోకి తీసుకున్నాడు కాని విసరలేదు. బిడ్డ వైపు తిరిగి, ఎప్పుడూ అడిగే మామూలు గొంతుతోనే అడగాలని చూశాడు.

"యాడికి పోతదే ఇది? సదువు."

మానస బోర్డు వైపు తల ఎత్తింది. పెద్ద పెద్ద అక్షరాలు, ఎవరికైనా కనబడేవే. పెదాలు కదిపి లోపల ఒకసారి చదువుకుంది, మళ్ళీ ఒకసారి చదువుకుంది.

"వనపర్తి" అంది. తండ్రి అప్పటికే కిటికీ వైపు అడుగు వేశాడు. ఆమె కదలకుండా ఉమ ముఖంలోకి చూసింది.

"వనపర్తే కద అక్కా?"